మూడో పిలుపుకు ముందే

దక్షిణ కరోలినా తీరాన, కూసాబో దీవిలో, మంగిన్‌ల నేల మీద కాపురముంటూ, కీర్తిశేషురాలు రోజనా మంగిన్‌కు పెద్ద కూతురినై, డెబ్భై తొమ్మిదేళ్ళు నిండిన డాక్టర్ వెర్డెల్ మంగిన్ అనే నేను, మతి నిలకడగా ఉండగా, ఒకరి బలవంతం గాని బుజ్జగింపు గాని లేకుండా, నా తదనంతరం నా ఆస్తి ఎవరికి చెందాలో, నా మాట ఎవరు మొయ్యాలో నిర్ణయిస్తూ నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకు ముందు ఏదీ రాయలేదు. ఇక మీదట రాసే తీరిక దొరకదని నా అనుమానం.

గుండె సంగతి వేరు. అది ఎప్పుడైనా ఆగవచ్చని డాక్టరు చెప్పాడు. మతి మాత్రం భేషుగ్గా ఉందని అదే డాక్టరు రాసిచ్చిన కాగితం దీనికి జతపరుస్తున్నాను. ఎందుకంటే నన్ను బురదగడ్డి వైపు నుంచి ఎవరో పిలుస్తున్నారని చివర్లో రాయబోతున్నాను. అది చదివి అవతలి పక్షం లాయరు "ముసలావిడకు పిచ్చెక్కిందండీ" అంటాడు. అననీ. ముందు ఆ డాక్టరు కాగితం చదివి అప్పుడు అనమనండి.

మా దీవిలో వీలునామా రాసే అలవాటు లేదు. రాస్తే చావును ఇంటికి పిలిచినట్టని మా అమ్మ నమ్మకం. కోర్టు గుమ్మం ఎక్కిన నల్లవాడు ఏదో ఒకటి అక్కడ వదిలి రాక తప్పదని మా తాత నమ్మకం. ఇద్దరివీ నిజాలే. అయినా ముల్లును ముల్లుతోనే తీయాలి కనుక రాస్తున్నాను.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత బ్యూఫోర్ట్‌లో ప్రాక్టీసు చేస్తున్న లాయరు ఆల్‌ఫ్రెడా గైలియర్డ్‌ది. మనిషి మొండి. నా క్లాసులో వాళ్ళమ్మ కూడా ఇలాగే ప్రతిదానికీ "ఎందుకండీ" అనేది. నా పిండం కాకులు ముట్టినా ముట్టకపోయినా, జనవరిలో జరిగే మా నేల దావా విచారణకు ఈ కాగితాన్ని ఆల్‌ఫ్రెడా స్వయంగా తీసుకెళ్ళి జడ్జి చేతిలో పెట్టాలి. గుమాస్తాకు ఇచ్చి రాకూడదు.

2. షెడ్యూలు ఆస్తి. మా ముత్తాత తొబియాస్ మంగిన్ బానిసత్వం పోయిన కొత్తలో కొని, ఎవరి పేరా రాయకుండా తన సంతానమంతటికీ వదిలిపోయిన నేలలో నాకున్న అవిభక్త హక్కు, దాని మీద నేనుంటున్న ఇల్లు. హద్దులు: తూర్పున ఆటుపోట్ల పాయ, దాని వెంబడి బురదగడ్డి. పడమర పడవల రేవుకు పోయే బాట. దక్షిణాన మా శ్మశానం, అది కూడా ఈ నేలలోదే. ఉత్తరాన గోడ.

ఆ గోడ గురించి చెప్పక తప్పదు. అక్కడ ఒకప్పుడు ఫ్రిప్‌ల నేల ఉండేది. అదీ మా నేల లాగే కాగితం లేని ఉమ్మడి నేల. అలాంటి నేలలో ఏ ఒక్క వారసుడు తన వాటా అమ్ముకున్నా, కొన్నవాడు మొత్తం నేలనే వేలం వేయించమని కోర్టుకెక్కవచ్చు. చట్టం అలా ఏడ్చింది. ఎప్పుడూ దీవి మొహం చూడని దాయాది ఒకడు అమ్మాడు, ఒక రిసార్టు కంపెనీ కొంది. "హెజికియా ఫ్రిప్ వారసులు ఎవరైనా ఉంటే హాజరు కావలెను" అని నోటీసు పేపర్లో వేశారు, పడవల రేవులో అతికించారు. దీవి అంతా చదివింది. మా లుయెట్టా ఫ్రిప్ అక్కడే రొయ్యల బుట్ట దించుకుని, నలుగురికీ వినబడేలా చదివి, "ఎవడో పాపం ఈ హెజికియా! వాడి పిల్లలు ఏ దేశాన ఉన్నారో, నేల కాస్తా పోయేట్టుందే" అని జాలిపడింది.

హెజికియా ఫ్రిప్ ఆవిడ కన్నతండ్రి. పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఆయన్ను దీవిలో అందరూ కఫీ అన్నారు. ఆయన సమాధి పలక మీదా కఫీ అనే ఉంది. కాగితం పేరు ఏమిటో కూతురికే తెలియదు. జడ్జిగారు బయటివారు కనుక చెబుతున్నాను: మాలో ప్రతి ఒక్కరికీ రెండు పేర్లు. ఒకటి బడికీ చర్చికీ పన్నుకీ ఇచ్చే కాగితం పేరు. రెండోది, పసిగుడ్డును గడ్డిబుట్టలో పడుకోబెట్టి తల్లి చెవిలో చెప్పే బుట్టపేరు. బుట్టపేరే అసలు పేరు. దాన్ని బయటివాళ్ళ ముందు పలకం, కాగితం మీద పెట్టం. కాగితం మీద పడితే ఎవడైనా పిలవగలడు, పిలిస్తే పలకాలి. ఈ కట్టుబాటు మమ్మల్ని మూడు వందల ఏళ్ళు కాపాడింది. ఫ్రిప్‌లను మాత్రం ఒక్క నోటీసుతో ముంచింది.

ఆ నెలల్లో నేను బ్రెజిల్‌లోని బహియాలో ఉన్నాను. సముద్రం దాటించి అమ్మేసిన మనుషుల సంతతి దేన్ని మరిచిపోలేదో, ఎలా మరిచిపోలేదో పండితులకు చెబుతున్నాను. చప్పట్లు కొట్టారు. ఇంటికి వచ్చేసరికి పునాదులు తవ్వుతున్నారు.

లుయెట్టా అవతలి ఒడ్డున కూతురి దగ్గర ఉండలేక ఉండలేక, ఆ చలికాలమే పోయింది. తండ్రి పక్కన పాతిపెట్టమంది. ఆ శ్మశానం ఇప్పుడు గోడ లోపల ఉంది. గేటు దగ్గర కాపలావాడు శవపేటికను ఆపి, "ఎవరి తాలూకు?" అన్నాడు. "టీటీ పెద్దమ్మ తాలూకయ్యా" అన్నారు మోసేవాళ్ళు. ఏడుస్తున్నప్పుడు నోటికి వచ్చేది ఆ పేరే కదా. "టీటీ అని నా లిస్టులో లేదు" అన్నాడు. మధ్యాహ్నపుటెండలో శవాన్ని రోడ్డు మీద దించి, ఆవిడ కాగితం పేరు ఎవరికైనా గుర్తొచ్చేదాకా నిలబడ్డాం. చివరికి నేనే చెప్పాను. ఆ గేటు ముందు నిలబడే మా నేలకు ఏం రాబోతోందో నాకు అర్థమైంది.

3. షెడ్యూలు ఆస్తిలో నా హక్కు యావత్తూ, ఇంటితో సహా, నా చెల్లెలు జెనీవా కూతురు థియొడోషాకు దఖలు పరుస్తున్నాను. అనుభవించే హక్కు, దున్నుకునే హక్కు, చచ్చాక ఇక్కడే పండుకునే హక్కు ఇస్తున్నాను. దాన విక్రయాది హక్కులు ఇవ్వడం లేదు. "పెద్దమ్మా, నేనమ్ముతానా?" అని అది నొచ్చుకుంటుంది. నువ్వు అమ్మవని నాకు తెలుసే పిచ్చిదానా. నీ తర్వాత వచ్చేవాళ్ళను నేనెరగను కదా.

ఇంకో మాట. మొన్న వేసవిలో రేవు దగ్గర జరిగినదాన్ని కోర్టు కూడా తెలుసుకోవాలి. ఇప్పుడు మా నేల మీదా దావా వేసిన ఆ రిసార్టు కంపెనీ తరఫున తిరిగే ప్రెంటిస్ హాల్బర్ట్ అనే మనిషి పడవ దిగుతున్న థియొడోషాను వెనక నుంచి బుట్టపేరుతో పిలిచాడు. అది చటుక్కున తిరిగి "ఆఁ" అంది. "పలికావుగా, అయితే నువ్వే" అని కోర్టు కాగితాలు దాని చేతిలో పెట్టి, టోపీ తీసి దణ్ణం పెట్టి మరీ పోయాడు. నా దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, వాడి నోట ఆ పేరు వినగానే ఎవరో తడిచెయ్యి మెడ మీద వేసినట్టయింది" అంది. ఆ రోజు నుంచి సొంత మొగుడు పిలిచినా ఉలిక్కిపడుతోంది. వాడు ఇప్పుడు వారానికోసారి వస్తాడు. గేట్ల ముందు నిలబడి, ముసలివాళ్ళను ఒక్కొక్కరినీ బుట్టపేర్లతో పిలుస్తాడు, గొంతు తియ్యగా పెట్టుకుని.

కనుక నా వారసులందరికీ ఇందుమూలంగా తాకీదు: మన పాత కట్టుబాటు మళ్ళీ పాటించండి. మొదటి పిలుపుకు పలకకండి. రెండో పిలుపుకూ పలకకండి. మనది కానిది ఏదైనా రెండుసార్లే పిలవగలదు. మూడోసారి పిలిస్తే అది మనవాళ్ళే, అప్పుడు పలకండి. చిన్నప్పుడు దీన్ని దెయ్యాల కోసం నేర్పారనుకున్నాను.

4. వంశ సాక్ష్యం. కంపెనీ దావాలో మా శ్మశానాన్ని "గుర్తుతెలియని వ్యక్తుల సమాధులు కొన్ని" అని రాశారు. ఎంత ధైర్యం! గుర్తుతెలియని వాళ్ళయితే పక్కకు జరపొచ్చు, మీద గడ్డి పరిచి బంతులాడుకోవచ్చు. దస్తావేజులో ఉన్న తొబియాస్ మంగిన్, శ్మశానంలో తాబేటి చిప్ప కింద ఉన్న మనిషీ ఒకరేనని రుజువైతే నేల కుటుంబానికి నిలుస్తుందనీ, కాకపోతే కోర్టు మెట్ల మీద వేలం తప్పదనీ ఆల్‌ఫ్రెడా తేల్చి చెప్పింది. ఆ రుజువు చెప్పగలవాళ్ళం ఇద్దరమే మిగిలాం. ఒకదాన్ని నేను. జనవరి దాకా ఉంటానో ఉండనో. రెండోవాడి సంగతి అయిదో పేరాలో వస్తుంది.

బతికున్నవాళ్ళ బుట్టపేర్లు చచ్చినా రాయను. చచ్చిపోయినవాళ్ళను మాత్రం ఎవడూ పిలిచి పలికించలేడు కనుక ప్రమాణపూర్వకంగా రాస్తున్నాను.

శ్మశానంలో దేవదారు పక్కన, తాబేటి చిప్ప బోర్లించిన సమాధి మా ముత్తాతది. కాగితం పేరు తొబియాస్ మంగిన్, బుట్టపేరు కూటా. కూటా అంటే మా మాటలో తాబేలు. ఆ మాట ఆయన తల్లితో పాటు ఓడలో వచ్చింది. ఆవిడతో వచ్చిన సామాను అదొక్కటే.

ఆయన పక్కన ఆయన భార్య. కాగితం మీద సెలీనా, బుట్టలో మిన్నా. వాళ్ళ కాళ్ళ దగ్గర మా తాత ప్రిన్స్, సముద్రం వెనక్కి తీసిన వేళ పుట్టాడని ఎబ్బా అన్నారు. నీలం సీసాలు గుచ్చిన చోట మా అమ్మ రోజనా, సూకీ. కొత్త మట్టి మా జెనీవాది. దాన్ని మేం దోదో అన్నాం. ఈ పేరు రాశాక కాసేపు లేచి నీళ్ళు తాగి వచ్చాను.

అమ్మ పక్కన గవ్వలు పరిచిన చిన్న దిబ్బలు రెండున్నాయి. నాకు ముందు పుట్టి నిలవని పిల్లలు. వాళ్ళకు కాగితం పేర్లు లేవు. బుట్టపేర్లు అమ్మ ఎవరికీ చెప్పలేదు. అయినా వాళ్ళు గుర్తుతెలియని వ్యక్తులు కారు. అమ్మకు తెలుసు.

దీని ఖరీదేమిటో కూడా చెబుతాను. పోయినవాళ్ళ పేర్లు మాలో పుట్టేవాళ్ళకు పెడతారు, అలా పేరు మళ్ళీ బుట్టలోకి వస్తుంది. కాగితం మీద పడిన పేరు ఇక బిడ్డకు పనికిరాదు. మిన్నా, ఎబ్బా, సూకీ, దోదో ఇక ఈ దీవిలో పుట్టరు. నేల దక్కడానికి నేనిస్తున్నది ఇదీ. జడ్జిగారూ, ఇంతకంటే విలువైన రుజువు మీ కోర్టుకు ఎవరూ తెచ్చి ఉండరు.

5. నా తమ్ముడి కొడుకు ల్యూషియస్ మంగిన్. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ.

తన వాటాను కంపెనీకి అమ్మింది వీడే. అమ్మినందుకు నేను తిట్టాను గాని శపించలేదు. పడవ మునిగింది, పెళ్ళాం వెళ్ళిపోయింది, మనిషి కుంగిపోయి ఉన్నాడు. కానీ ఆ హాల్బర్ట్‌తో కలిసి కూర్చుని, పీతల పులుసు జుర్రుకుంటూ, ఒక్కొక్కరి బుట్టపేరూ అప్పజెప్పాడే, దానికి నా దగ్గర క్షమాపణ లేదు. వీడి నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ ఎప్పుడో అంది. "పేర్లే కదత్తా, పేర్లు చెబితే ఏం పోతుంది?" అన్నాడు నాతో, నా వాకిట్లోనే నిలబడి. ఏం పోతుందో థియొడోషాను అడుగు.

ఇప్పుడు కంపెనీ వీడి చేత ఇంకో మాట చెప్పించాలని చూస్తోంది. ఆ సమాధులు ఎవరివో నాకు తెలియదు అని జనవరిలో ప్రమాణం చెయ్యాలట. వీడికి తెలుసు. వీణ్ణి పెంచింది మా అమ్మ. చెయ్యి పట్టుకుని ప్రతి సమాధి దగ్గరికీ తీసుకెళ్ళి పేరు పేరునా చెప్పింది. చెప్పకపోయినా తాబేటి చిప్ప కింద ఉన్నదెవరో వీడికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఆయన పేరే వీడికి పెట్టారు. వీడి బుట్టపేరు కూడా కూటాయే. బతికున్నవాళ్ళ పేరు రాయనన్నాను, ఈ ఒక్కటి రాశాను. తన పేరును వీధిలో పడేసింది వాడే.

కాబట్టి ల్యూషియస్‌కు ఆస్తిలో నేనేమీ ఇవ్వడం లేదు. పైగా ఒకటి తీసుకుంటున్నాను. నేను పోయిన నాటి నుంచి కూసాబో దీవిలో ఎవరూ అతన్ని బుట్టపేరుతో పిలవకూడదు. చర్చిలో గాని, రేవులో గాని, పెళ్ళిలో గాని, జ్వరం వచ్చి మూలుగుతున్నా సరే, మిస్టర్ ల్యూషియస్ మంగిన్ అనే పిలవాలి. భోజనం పెట్టండి, మర్యాద చెయ్యండి. చుట్టానికి చేసినట్టు చెయ్యండి.

జనవరిలో బోనులో నిలబడి, "ఆ చిప్ప కింద ఉన్నది మా వంశానికి మూలపురుషుడు, ఆయన పేరే నాకు పెట్టారు" అని అందరూ వినేలా చెప్పాడా, ఆ గడియలోనే పేరు వాడిది వాడికి ఇచ్చెయ్యండి. ముందు థియొడోషా పిలవాలి. మూడుసార్లు పిలవాలి. అప్పుడు నా ఇనప మూకుడు కూడా వాడికే. అందులో బెండకాయలు వేయించి పెడితే గిన్నె నాకేవాడు వెధవ.

6. నేను నలభై ఏళ్ళ పాటు దీవి ముసలమ్మల దగ్గర, ముసలయ్యల దగ్గర కూర్చుని రికార్డు చేసిన టేపులు. ఏడుపు పాటలు, ఓడ కథలు, జ్వరాలకు వేసే కట్లు, చచ్చినవాళ్ళతో మాట్లాడే పద్ధతులు. నేను పాఠాలు చెప్పిన విశ్వవిద్యాలయం వాటి కోసం చలువ గది కట్టిస్తానంటోంది. గాజు పెట్టెలో పెడతారట, ప్రపంచంలో ఎక్కడి నుంచి మీట నొక్కినా వినబడుతుందట. ఆ టేపుల్లో ప్రతి ముసలమ్మా నోరారా పేర్లు పలికింది, నన్ను నమ్మి. హాల్బర్ట్‌కు కూడా మీట నొక్కడం వచ్చు. కనుక టేపులు దీవి దాటకూడదు. ప్రార్థన ఇంట్లో, తలుపులు వేసి, దీవి పిల్లలకు వినిపించండి. చివరి పిల్ల విన్నాక నా పక్కనే పూడ్చిపెట్టండి.

7. నా పుస్తకాలన్నీ, అంచుల్లో నేను గీకిన తిట్లతో సహా, నా శిష్యురాలు డాక్టర్ మార్సెలిన్ దెరోజియెకు. పోర్టోప్రిన్స్‌లో పుట్టి మాంట్రియల్‌లో పెరిగిన పిల్ల. నేను చేసిన పనిని ఇప్పుడు అదే చేస్తోంది, నాకంటే బాగా. ఫ్రీటౌన్‌లో, బహియాలో, హైతీలో, నోవా స్కోషియాలో ఎక్కడికి వెళ్ళినా నాకు కనిపించింది ఒకటే: అందరూ ఒక పేరును దాచుకున్నారు. దాచుకున్న చోటే మనిషి మిగిలాడు. నవలల్లో వెతికినా, నాటు వైద్యంలో వెతికినా చివరికి నేను వచ్చి చేరింది అక్కడికే.

మార్సెలిన్, ఆసుపత్రిలో మనం పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల్ని గుండ్రంగా కూర్చోబెట్టి కథలు చదివేవాళ్ళం, గుర్తుందా? కొడుకు పోయిన నాటి నుంచి నోరు తెరవని ఒకావిడ, వంటింటి కథ ఒకటి చదువుతుంటే మధ్యలో లేచి, వాణ్ణి తను ముద్దుగా పిలిచే పేరు పెద్దగా అరిచింది. తర్వాత కూర్చుని నువ్వు తెచ్చిన అన్నం తింది. నువ్వు బయటికొచ్చి ఆ పేరు రాసుకోబోయావు. నేను నీ కలం లాక్కున్నాను. నీకు కోపం వచ్చింది, నెల్లాళ్ళు మాట్లాడలేదు. ఇదుగో, ఆ కలం కూడా నీకే ఇస్తున్నాను. దానితో ఏదైనా రాసుకో. పేర్లు మాత్రం అడగకు. చెప్పేదాకా ఆగు, చెప్పాక మరిచిపోయినట్టు ఉండు.

8. ప్రొఫెసర్ వార్నర్ ఎల్స్‌వర్త్, నాకు పై పదవి ఇవ్వాల్సిన కమిటీలో "ఇది పరిశోధన కాదు, ముసలమ్మల ముచ్చట్లు, దెయ్యాల కథలు" అని సెలవిచ్చిన మహానుభావుడు. ఇంకా బతికే ఉన్నారని విన్నాను, సంతోషం. దెయ్యాలను పట్టడానికి మా వాకిట్లో చెట్టుకు గుచ్చిన నీలం సీసాల్లో గాలికి ఎక్కువగా ఊళ పెట్టేది ఏదో చూసి వారికి పంపండి. బిరడా బిగించి పంపండి. అందులో ఒకరు చిక్కుకుని ఉన్నారనీ, దయచేసి తెరవవద్దనీ నా తరఫున చీటీ పెట్టండి. నమ్మనివాళ్ళకు భయమేముంది, తెరుస్తారు.

9. చిన్నా చితకా. కుట్టుమిషను చర్చి ఆడవాళ్ళకు. గొడుగు ఆల్‌ఫ్రెడాకు, ఎప్పుడు చూసినా తడుస్తూ వస్తుంది. నా ఊదారంగు టోపీని మా రెవరెండ్‌గారి భార్యకు ఇద్దామనుకున్నాను. సాక్షి సంతకం పెట్టేవాడికి గాని వాడి పెళ్ళానికి గాని ఏదీ ఇవ్వకూడదని ఆల్‌ఫ్రెడా అడ్డుపడింది. అందువల్ల టోపీ వంకీకే ఉంటుంది. ఎవరూ చూడనప్పుడు ఏమైనా జరిగితే నాకు తెలియదు.

10. నా అంత్యక్రియలు. పొగడకండి. చచ్చినవాడి కళ్ళు చేరెడని నాకు తెలుసు. ఆఖరున నేను నీళ్ళు తాగిన కప్పు, మందు సీసా, కళ్ళజోడు సమాధి మీద పెట్టి పగలగొట్టండి. పగలగొట్టకపోతే నా వెనకే ఇంకొకరు వస్తారు. విశ్వవిద్యాలయం వాళ్ళు కప్పు అడుగుతారు, ఇవ్వకండి. థియొడోషా మనవరాలిని, ఆ పాలుతాగే పిల్లను, నా పెట్టె మీదుగా ఈ చేతి నుంచి ఆ చేతికి అందించండి. నేను దాన్ని చాలా ముద్దు చేశాను. అలా దాటించకపోతే తొంగి చూడకుండా ఉంటానన్న నమ్మకం నాకే లేదు.

త్వరగా కానివ్వండి. కొలతలు వేసేవాళ్ళు పాతిన కర్రలు, గులాబీ రంగు రిబ్బన్లు కట్టినవి, మొన్న బాట దగ్గర ఉండేవి. నిన్న మా అమ్మ సీసాల దగ్గర కనిపించాయి. ఎవరూ పాతుతుండగా చూడలేదు. నాకు చోటు అమ్మ పక్కన, గవ్వల దిబ్బలకు ఇవతల. అక్కడ కర్ర ఉంటే పీకి పారెయ్యండి.

11. ఇక నా పేరు. చిన్నప్పుడే చదువుకని అవతలి ఒడ్డుకు పంపారు. తిరిగొచ్చాక అందరికీ డాక్టరమ్మను అయిపోయాను. నా బుట్టపేరు అమ్మకూ జెనీవాకూ తప్ప ఎవరికీ తెలియదు. ల్యూషియస్‌కు తెలియదు, కాబట్టి హాల్బర్ట్‌కు తెలియదు. టేపుల్లో లేదు. ముందు పుట్టిన ఇద్దరూ వెళ్ళిపోయారని, నేనైనా వెళ్ళకూడదని బతిమాలుకుంటూ అమ్మ పెట్టిన పేరు అది. మా మాటలో దాని అర్థం "ఇక్కడే ఉండు" అని.

మొన్న ఆదివారం వాకిట్లో రొయ్యలు ఒలుస్తుంటే పాయ వైపు నుంచి ఆ పేరు వినబడింది. ఎర్ర ఎండ, కొంగలు కూడా కదలడం లేదు. అమ్మ గొంతే. చివర కాస్త సాగదీసి, అన్నానికి పిలిచినట్టు. పలకలేదు. బుధవారం ఈ వీలునామాకు చిత్తు రాసుకుంటుంటే మళ్ళీ వినబడింది, ఈసారి పెరట్లోంచి. దెయ్యాలు దాటకుండా గుమ్మానికి వేసిన నీలం రంగు దాటి లోపలికి రాలేదు. భయం వేసింది, వేయలేదని చెప్పను. జీవితమంతా ఇటువంటి పిలుపుల మీద పుస్తకాలు రాసినదాన్ని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. జనవరి దాకా ఉండాలి నేను, బోనులో నిలబడి చెప్పాలి.

కానీ మనది కానిది రెండుసార్లే పిలవగలదు. మూడోసారి వినబడితే అది అమ్మే. అమ్మ పిలిస్తే పలకకుండా ఉండడం నాకు చేతకాదు. అందుకే ఈ తొందర. నా బదులు జనవరిలో ఈ కాగితం మాట్లాడాలి. మాట్లాడాలంటే నా రెండు పేర్లూ దీని మీద ఉండాలి. దావాలో నేనూ గుర్తుతెలియని వ్యక్తిని కాకూడదు. కనుక ఇంతవరకు ఏ కాగితం మీదా పెట్టని పేరును కింద సంతకంగా పెడుతున్నాను. ఇది కూడా ఇక ఎవరికీ పెట్టకండి. మీరు చదివేనాటికి ఆ పేరుతో పిలిస్తే పలికేవాళ్ళు ఇక్కడ ఎవరూ ఉండరు.

పైన రాసినదంతా నేను చదువుకుని, సరిగా ఉందని నమ్మి, సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

కూసాబో దీవి, 2014 నవంబరు 14, శుక్రవారం, మధ్యాహ్నం.

(సంతకం) వెర్డెల్ మంగిన్
(సంతకం) స్టేయా

సాక్షుల వాంగ్మూలం

పై వీలునామాను డాక్టర్ వెర్డెల్ మంగిన్‌గారు మా ఇద్దరి ఎదుట, పూర్తి తెలివితో, మొదట కాగితం పేరు, తర్వాత రెండో పేరు సంతకం చేశారని ప్రమాణం చేస్తున్నాము. రెండో పేరు మేము ఇంతకు ముందు ఎన్నడూ విని ఉండలేదు. దానిని మేము పైకి చదవలేదు. ఆ సమయంలో ఇంట్లో గాని, వాకిట్లో గాని, మేము ముగ్గురం తప్ప ఎవరూ లేరు.

సంతకం పూర్తి చేసి కలానికి మూత పెట్టాక ఆమె పాయ వైపు తల తిప్పి, కాసేపు విని, "ఆఁ, వస్తున్నానమ్మా" అన్నారు. మాకు ఏ పిలుపూ వినబడలేదు. ఆమె పలికిన మాట ఇద్దరమూ విన్నాము.

సాక్షులు:
1. రెవరెండ్ ఎబెనేజర్ చిసోమ్, ప్రార్థన ఇల్లు, కూసాబో దీవి
2. ఇయోలా గ్రాంట్, పడవల రేవు, కూసాబో దీవి